గడియ తప్పిన తోకచుక్కలు
(ధారావాహిక – 11వ భాగం)

1822 జూన్ 2న ఆస్ట్రేలియాలోని పరమట్టాలో కార్ల్ రుమ్‌కర్ ఒక మసక చుక్కను దూరదర్శినిలో పట్టుకున్నాడు. ఆ వేధశాలను న్యూ సౌత్ వేల్స్ గవర్నర్ థామస్ బ్రిస్బేన్ సొంతానికి కట్టించుకున్నాడు. రుమ్‌కర్ ఆ రాత్రి ఆకాశాన్ని గుడ్డిగా వెతకలేదు. ఎక్కడ చూడాలో జర్మనీ నుంచి యోహాన్ ఫ్రాంజ్ ఎన్‌కే లెక్క కట్టి ముందే చెప్పాడు. 1786లో పారిస్‌లో మెషాఁ, 1795లో ఇంగ్లండులో కేరొలైన్ హెర్షెల్, 1805లోనూ 1818లోనూ ఫ్రాన్స్‌లో పోన్స్ చూసిన చుక్కలు నాలుగు కావని, మూడేళ్ల నాలుగు నెలలకొకసారి సూర్యుణ్ణి చుట్టివచ్చే ఒకే తోకచుక్క అని 1819లో తేల్చింది ఆయనే. రాక ముందుగా లెక్కించి, వచ్చాక సరిచూసుకున్న తోకచుక్కల్లో హేలీది మొదటిదైతే ఇది రెండోది. లోకం దానికి ఎన్‌కే పేరు పెట్టింది; ఆయన మాత్రం చివరిదాకా దాన్ని పోన్స్ తోకచుక్క అనే రాశాడు. అయితే ఈ విజయంలోనే ఒక చిక్కుంది. గురుడి లాగుడు, ఇతర గ్రహాల లాగుడు అన్నీ తీసివేసి చూసినా తోకచుక్క ప్రతి చుట్టులోనూ సుమారు రెండున్నర గంటలు ముందుగా వస్తోంది. 1,212 రోజుల ప్రయాణంలో రెండున్నర గంటలు ఏపాటివని కొట్టిపారేయడానికి లేదు, ఎందుకంటే ఆ తేడా పేరుకుంటుంది. మొదటి చుట్టులో రెండున్నర, రెండో చుట్టులో అయిదు, మూడో చుట్టులో ఏడున్నర గంటలు తగ్గుతూ పోతే, పది చుట్లు తిరిగేసరికి మొత్తం తేడా అయిదున్నర రోజులు దాటుతుంది. ఆ నాటి పరిశీలనల్లో ఇంత పెద్ద పొరపాటుకు చోటు లేదు. న్యూటన్ సూత్రం తప్పయి ఉండాలి, లేదా తోకచుక్క మీద గురుత్వాకర్షణ కాని బలమేదో పనిచేస్తూ ఉండాలి.

ఎన్‌కే ఇచ్చిన జవాబు ఈనాటి పాఠకుడికి వింతగా తోచవచ్చు. సూర్యుడి చుట్టూ అతి పలుచని పదార్థమేదో పరుచుకుని ఉందని, దాన్ని చీల్చుకుంటూ పోవడం వల్ల తోకచుక్క శక్తి కోల్పోతోందని ఆయన వాదించాడు. అడ్డు తగిలితే ఆలస్యం కావాలి గాని ముందుగా ఎలా వస్తుందన్న ప్రశ్న సహజం. కక్ష్యల లెక్క మన సహజబుద్ధికి ఎదురుతిరిగే చోటు ఇది. శక్తి తగ్గిన వస్తువు సూర్యుడి వైపు జారి చిన్న కక్ష్యలో పడుతుంది. చిన్న కక్ష్యలో దూరమూ తక్కువే, చుట్టు పట్టే కాలమూ తక్కువే. కాబట్టి అడ్డుకున్న కొద్దీ రాక ముందుకు జరుగుతుంది. గ్రహాలకు ఈ అడ్డు ఎందుకు తగలదంటే, అవి బరువైనవి. తోకచుక్క మాత్రం వెనకున్న నక్షత్రాలు కనపడేంత పలుచన. పైగా వెలుతురు అలలుగా ప్రయాణించాలంటే అంతరిక్షంలో ఈథర్ ఉండాల్సిందేనని భౌతిక శాస్త్రం నమ్ముతున్న కాలమది. అందుబాటులో ఉన్న ఆధారాలన్నిటికీ ఎన్‌కే జవాబు సరిపోయింది. తర్వాత తప్పని తేలింది కదా అని ఆయన్ని చిన్నబుచ్చే చరిత్రకారులతో నాకు ఏకీభావం లేదు. ఒక్క తోకచుక్క, అదీ ఒక్క దిశలోనే తప్పుతున్న లెక్క చేతిలో ఉన్నవాడు అంతకన్నా మంచి ఊహ చెయ్యలేడు.

సరైన జవాబు కూడా అప్పుడే పుట్టింది. 1835 అక్టోబరులో హేలీ తోకచుక్క తిరిగి వచ్చినప్పుడు, కోనిగ్స్‌బర్గ్‌లో ఫ్రెడ్రిక్ విల్‌హెల్మ్ బెసెల్ దాని తలను రాత్రుల తరబడి గమనించాడు. తల నుంచి సూర్యుడి వైపుగా విసనకర్ర ఆకారంలో వెలుగు చిమ్ముతోంది, అది అటూ ఇటూ ఊగుతోంది. తోకచుక్క ఒక దిక్కుకు పదార్థాన్ని వెదజల్లితే ఆ తోపు తోకచుక్కను వ్యతిరేక దిశలో నెట్టాలి. నెట్టితే చుట్టు కాలం మారాలి. అప్పుడు ఎన్‌కే చెప్పే అదృశ్య పదార్థం అవసరం ఉండదు. 1836లో బెసెల్ అచ్చు వేయించిన వాదం సారాంశం ఇదే. ఎన్‌కే ఒప్పుకోలేదు, ఇద్దరి మధ్యా వివాదం నడిచింది, ఆ తర్వాత బెసెల్ మాట నూరేళ్లకు పైగా మూలనపడింది. ఎందుకు పడింది? ప్రజాదరణ పొందిన పుస్తకాలు సాధారణంగా చెప్పే కారణం ఎన్‌కే పలుకుబడి. 1825 నుంచి ఆయన బెర్లిన్ వేధశాల అధిపతి, 1846లో నెప్ట్యూన్ దొరికింది ఆ వేధశాలలోనే, కనుక ఆయన మాటే చెల్లిందంటారు. ఈ వివరణ నాకు చాలదు. పలుకుబడి ఒక తరం పాటు పనిచేస్తుంది, నాలుగు తరాల పాటు కాదు. బెసెల్ ఊహ నిలబడాలంటే రెండు కావాలి: తోపు తగలడానికి గట్టి ఒంటి ముద్ద ఒకటి; అదృశ్య పదార్థం చెయ్యలేనిది, తోపు మాత్రమే చెయ్యగలిగినది అయిన కదలిక ఒకటి. ఈ రెండూ దొరికేదాకా ఆయన ఊహ ఊహగానే మిగలక తప్పలేదు. రెండింటినీ చివరికి తెచ్చి ఇచ్చింది తోకచుక్కలు వేళ తప్పడమే. తోకచుక్క నడుమ గట్టి మంచు ముద్ద ఉందని మానవజాతి కంటితో చూడటానికి 36 ఏళ్ల ముందే ఆ తప్పిన గంటల లెక్క బయటపెట్టిందన్నది ఈ భాగంలో నేను చెప్పదలచిన మాట.

ముందు అదృశ్య పదార్థం సంగతి. దానికి మొదటి దెబ్బ ఎన్‌కే తోకచుక్క నుంచే తగిలింది. 1865లో ఎన్‌కే కన్నుమూశాక ఫాన్ ఆస్టెన్, ఆయన తర్వాత రష్యాలోని పుల్కొవో వేధశాలలో ఆస్కర్ బాక్‌లుండ్ ఆ లెక్కలు కొనసాగించారు. 1868 తర్వాత చుట్టు కాలం తగ్గుతూనే ఉన్నా, ఆ తగ్గుదల మునుపటంత లేదని తేలింది. ఎప్పుడూ అక్కడే ఉండాల్సిన పదార్థం ఉన్నట్టుండి ఎలా పలుచబడుతుంది? బాక్‌లుండ్ తన జీవితంలో పెద్ద భాగాన్ని ఈ ఒక్క తోకచుక్కకే ఇచ్చి, దారిలో తగిలే ఉల్కల గుంపులతో దీన్ని సరిపెట్టాలని చూశాడు. రెండో దెబ్బ 1882 సెప్టెంబరులో వచ్చిన మహా తోకచుక్క. అది సూర్యుడి ఉపరితలానికి అయిదు లక్షల కిలోమీటర్ల లోపు నుంచి, అంటే సూర్యుడి కరోనాలోంచే దూసుకుపోయింది. అడ్డుపడే పదార్థమనేది ఉంటే అక్కడే చిక్కగా ఉండాలి. అయినా సూర్యుణ్ణి చేరకముందు నడిచిన దారికీ, దాటాక నడిచిన దారికీ అడ్డు తగిలిన ఆనవాలే దొరకలేదు. ఫాయే తోకచుక్క కూడా ఎన్‌కేది లాగే ముందుగా వస్తోందని మొదట ప్రకటించిన ఆక్సెల్ మోలర్, లెక్క సరిచూసుకుని ఆ మాట వెనక్కి తీసుకున్నాడు. ఇవన్నీ బలమైన అనుమానాలే గాని తీర్పులు కావు. పదార్థం ఒకచోట చిక్కగా, మరొకచోట పలుచగా ఉందని చెప్పి తప్పించుకోవడానికి దారి ఇంకా మిగిలే ఉంది.

తప్పించుకోలేని సాక్ష్యం ఆలస్యంగా వచ్చే తోకచుక్క. అడ్డు తగలడం వల్ల చుట్టు కాలం తగ్గుతుందే తప్ప ఎన్నటికీ పెరగదు. గ్రీనిచ్‌లో కోవెల్, క్రోమలిన్ అనే ఇద్దరు హేలీ తోకచుక్క 1910 రాకను, గ్రహాల లాగుడును అడుగడుగునా కలుపుతూ, అంతకు మునుపెన్నడూ లేనంత శ్రద్ధగా లెక్క కట్టారు. గురజాడ అప్పారావు ‘ముత్యాల సరములు’లోకి రప్పించిన తోకచుక్క ఇదే. అది ఏప్రిల్ 20న సూర్యుడికి అతి చేరువకు వచ్చింది. లెక్క చెప్పినదానికన్నా దాదాపు మూడు రోజులు ఆలస్యం. ఇందులో కనీసం రెండు రోజుల తేడా తమ లెక్కల లోపం వల్ల వచ్చింది కాదని వాళ్లు తేల్చి చెప్పారు. మరోవైపు పోలండ్‌లో కమియెన్‌స్కీ దశాబ్దాల పాటు లెక్కలు కడుతూ వచ్చిన వోల్ఫ్ తోకచుక్క కూడా వెనకబడుతోంది, డారెస్ట్ తోకచుక్క కూడా అంతే. ఎన్‌కేది ముందు, ఇవి వెనక. రెండు దిక్కులకూ నెట్టగల కారణమే కావాలిప్పుడు. ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనది: హేలీ ఆలస్యానికి మనకు తెలియని గ్రహమేదో కారణం కాకూడదా? నెప్ట్యూన్‌ను కనుక్కున్నది ఇలాంటి తేడా నుంచే కదా? 1972లో జోసెఫ్ బ్రాడీ అచ్చంగా ఈ మాటే అన్నాడు. ప్లూటోకు ఆవల, శనికన్నా బరువైన పదో గ్రహాన్ని ప్రతిపాదించాడు. కాని అంత బరువైన గ్రహం ఉంటే అది ముందుగా యురేనస్, నెప్ట్యూన్‌ల దారులను చెదరగొట్టాలి, పైగా దూరదర్శినులకు చిక్కేంత ప్రకాశంగా ఉండాలి. ఆ రెండూ జరగలేదు. అదే కాలంలో టావ్ కియాంగ్ చైనా రాజాస్థానాల జ్యోతిష్కులు రాసిపెట్టిన తేదీలతో హేలీ పాత రాకలన్నిటినీ సరిచూశాడు. సగటున ప్రతి చుట్టుకూ సుమారు నాలుగు రోజుల ఆలస్యం తేలింది. 1981లో యోమన్స్‌తో కలిసి ఆయన చేసిన లెక్కలో, ఈ తోపు రెండు వేల ఏళ్ల పాటు దాదాపు మారకుండా ఉందని కూడా బయటపడింది. క్రీస్తుపూర్వం 240 నుంచి ఆకాశాన్ని చూసి తేదీలు రాసుకున్న ఆ కొలువు ఉద్యోగులకు ఆధునిక విజ్ఞానం ఎంతో రుణపడి ఉంది.

ఇక గట్టి ముద్ద సంగతి. 1866లో ఇటలీ శాస్త్రజ్ఞుడు స్కియాపరెల్లి ఆగస్టులో రాలే పెర్సిడ్ ఉల్కలకూ, 1862లో కనిపించిన స్విఫ్ట్–టట్టిల్ తోకచుక్కకూ దారి ఒకటేనని చూపించాడు. బీలా తోకచుక్క 1846లో రెండుగా చీలి, తర్వాత మాయమై, 1872లో దాని దారిలో ఉల్కల వాన కురిసింది. ఈ రెండూ గొప్ప ఆవిష్కరణలే. కాని వాటి నుంచి వచ్చిన ముగింపు మాత్రం బెసెల్‌కు ప్రతికూలమైంది: తోకచుక్క అంటే ఒంటి వస్తువు కాదు, దగ్గరదగ్గరగా ప్రయాణించే ఇసుక రేణువుల మంద. కేంబ్రిడ్జిలో రేమండ్ లిటిల్‌టన్ 1948 నుంచి ఈ ఇసుకమంద వాదానికి గణితం కట్టి, దాన్ని చాలాకాలం సమర్థించాడు. ఇసుకమంద చిమ్మే వాయువు దేన్ని నెట్టాలి? ప్రతి రేణువూ తన దారిన తాను పోయేదే. కాబట్టి ఆ రోజుల్లో బెసెల్ చిత్రించిన ధారలు అందరి కళ్ల ముందూ ఉన్నా, వాటికి కదలికతో సంబంధం ఉందని అనిపించే అవకాశమే లేకపోయింది.

ఈ రెండు కొసలనూ ముడివేసినవాడు హార్వర్డ్‌లో పనిచేసిన ఫ్రెడ్ విపుల్. 1950లో ఆయన ప్రచురించిన పత్రం తోకచుక్కను మంచు, ధూళి కలిసిన ఒకే ముద్దగా వర్ణించింది. సూర్యుడికి దగ్గరైనప్పుడు ఆ మంచు నీరు కాకుండా నేరుగా ఆవిరై, సెకనుకు కొన్ని వందల మీటర్ల వేగంతో వెళ్లిపోతుంది. ఆవిరి ఎగిరేది ఎండ తగిలిన వైపు నుంచే గనుక తోపు సూర్యుడికి ఎదురుగా, బయటికి ఉంటుంది. ఈ ఒక్క బయటి తోపే ఉంటే చుట్టు కాలం పెద్దగా మారదు. సూర్యుడి వైపు వచ్చేటప్పుడు పోయిన శక్తి, వెళ్లేటప్పుడు తిరిగి వస్తుంది. విపుల్ సూక్ష్మబుద్ధి అంతా తర్వాతి అడుగులో ఉంది. ముద్ద తన చుట్టూ తాను తిరుగుతోంది. మన ఊళ్లో ఎండ మిట్టమధ్యాహ్నం నడినెత్తిన ఉన్నా నేల ఎక్కువగా కాలేది రెండు మూడు గంటలకు. అలాగే తోకచుక్క మీద కూడా ఆవిరి ఎక్కువగా లేచేది మధ్యాహ్నం దాటిన భాగం నుంచి. ముద్ద సూర్యుణ్ణి చుట్టే దిశలోనే తన చుట్టూ తాను తిరిగితే ఆ వేడెక్కిన భాగం ప్రయాణానికి వెనక వైపు పడుతుంది, తోపు ముందుకు తగులుతుంది, కక్ష్య పెద్దదై రాక ఆలస్యమవుతుంది. ఎదురు దిశలో తిరిగితే అంతా తలకిందులై రాక ముందుకు జరుగుతుంది. ఎన్‌కే ముందుగా రావడానికీ, వోల్ఫ్ ఆలస్యానికీ ఒకే కారణం సరిపోయింది. ఈ బలం సూర్యుడి ఆకర్షణలో సాధారణంగా లక్షో వంతు స్థాయిది; అయినా ప్రతి చుట్టులోనూ అదే పనిగా తగలడం వల్ల గంటలుగా, రోజులుగా కూడుతుంది. తెలుగు పాఠకులకు ఒక చిన్న కబురు: విపుల్ ఈ ఊహకు రూపమిస్తున్న రోజుల్లోనే, 1949లో, హైదరాబాద్ ప్రభుత్వ ఉపకారవేతనంతో హార్వర్డ్ చేరిన నిజాం కాలేజీ విద్యార్థి వేణు బాపు అక్కడే ఒక కొత్త తోకచుక్కను కనిపెట్టాడు. అది బాపు–బాక్–న్యూకర్క్ పేరుతో నిలిచింది.

నా వాదానికి ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం ఎదురవుతుంది. మంచు ముద్ద ఆలోచన వర్ణపట పరిశీలనల నుంచి రాలేదా? తోకచుక్కల వెలుతురులో కనిపించే విరిగిన అణు శకలాలకు నీరు, అమ్మోనియా, మీథేన్ వంటి మాతృ అణువులు ఉండాలని బెల్జియం శాస్త్రజ్ఞుడు స్వింగ్స్ లాంటివారు ముందే చెప్పారు కదా? నిజమే, రసాయనం లేకుండా విపుల్‌కు ముద్ద దేనితో తయారైందో తెలిసేది కాదు. కాని వాయువు ఇసుక రేణువులకు అంటుకుని కూడా ఉండవచ్చని, సూర్యుడి వేడికి విడుదలవుతుందని ఇసుకమంద వాదులు జవాబిచ్చేవారు. వాయువు ఉందని వర్ణపటం చెబుతుంది. ఆ వాయువు నెట్టేది ఒక్క ముద్దనా, కోట్ల రేణువులనా అన్నది చెప్పలేదు. అది చెప్పింది కదలికే. అదీగాక సూర్యుడికి భూమి ఉన్న దూరంలో మూడో వంతు దాకా వెళ్లి వచ్చే ఎన్‌కే తోకచుక్క, మూడేళ్లకొకసారి కాలుతూ కూడా పదుల సార్లు వాయువు చిమ్మింది. రేణువుల పైపూతగా అంటిన వాయువుకు అంత ఓపిక ఉండదు. లోపల నిల్వ కావాలి. ఏ కారణం చేత ఈ నమూనాను కట్టాడో విపుల్ దాచుకోలేదు. ఆయన మొదటి పత్రం శీర్షికలోనే ఎన్‌కే తోకచుక్క త్వరణం అని ఉంది.

మరో అభ్యంతరం లెక్కల వైపు నుంచి వస్తుంది. 1968 నుంచి బ్రయన్ మార్స్‌డెన్, తర్వాత సెకనీనా, యోమన్స్‌లతో కలిసి 1973లో ఈ తోపును మూడు అంకెలుగా విడదీశాడు: సూర్యుడి నుంచి బయటికి ఒకటి, కక్ష్య తలంలో దానికి అడ్డంగా ఒకటి, తలానికి నిటారుగా ఒకటి. మంచు ఆవిరయ్యే తీవ్రత దూరంతో ఎలా తగ్గుతుందో ఒక సూత్రం కట్టాడు. భూమి దూరానికి 2.8 రెట్లు దాటాక నీటి మంచు ఆవిరి త్వరత్వరగా సన్నగిల్లుతుందని ఆ సూత్రం చెబుతుంది. పరిశీలనలకు సరిపోయేలా మూడు అంకెలు సర్దితే దాన్ని వివరణ అంటారా అని విమర్శకుడు అడగవచ్చు. సర్దుబాటు అంకెలు మాత్రమే అయితే అవి ఎటైనా పోవాలి. కాని బయటికి నెట్టే తోపు అడ్డు తోపుకన్నా సాధారణంగా పెద్దదని, ముందుగా వచ్చేవీ ఆలస్యమయ్యేవీ దాదాపు సమానంగా ఉన్నాయని తేలింది. ముద్దలు ఏ దిశలోనైనా తిరగవచ్చన్న విపుల్ చిత్రం కోరేది సరిగ్గా ఇదే. అయితే ఆయన చెప్పినదంతా అలాగే నిలవలేదు. డారెస్ట్ తోకచుక్క ప్రకాశం సూర్యుణ్ణి దాటిన చాలా రోజులకు గాని గరిష్ఠానికి చేరదు. అలాంటప్పుడు వెళ్లేటప్పటి బయటి తోపు వచ్చేటప్పటి తోపును మించిపోయి, మధ్యాహ్నపు వేడి ప్రమేయం లేకుండానే రాకను ఆలస్యం చేస్తుంది. 1980ల చివర యోమన్స్, చోడాస్ ఈ దారిలో లెక్కలు కట్టి చూపించారు. తిరిగే అక్షం కూడా ఆవిరి తోపుకు మెల్లగా వాలుతుందని, ఎన్‌కే తగ్గుదల కాలక్రమాన మారడానికి అదే కారణమని విపుల్, సెకనీనా 1979లో చెప్పారు. బాక్‌లుండ్‌ను జీవితాంతం వేధించిన ప్రశ్నకు అలా జవాబు దొరికింది. వివరణలో ఈ సవరణలన్నీ ముద్ద ఉందన్న పునాదిని మరింత గట్టి చేశాయే గాని కదిలించలేదు.

1986 మార్చిలో సోవియట్ వేగా నౌకలు రెండు, యూరప్ నౌక జొట్టో హేలీ దగ్గరికి వెళ్లాయి. జొట్టో సుమారు 600 కిలోమీటర్ల దగ్గర నుంచి చూసింది బొగ్గుకన్నా నల్లని ఒంటి ముద్ద. పొడవు 15 కిలోమీటర్లు. ఎండ వైపు నుంచి మాత్రమే ధారలు. విపుల్ దాన్ని చూడటానికి బతికే ఉన్నాడు. వేళ తప్పిన లెక్క అక్కడితో ఆగలేదు. ఎంత ఆవిరి పోతోందో కొలిచి, దాని వల్ల కక్ష్య ఎంత జరిగిందో చూస్తే ముద్ద బరువు తేలుతుంది. ఈ దారిలో రిక్‌మన్ లెక్కించిన హేలీ సాంద్రత నీటిలో మూడో వంతుకు మించలేదు. లోపల చాలా భాగం ఖాళీయే అన్నమాట. 2014లో రోసెట్టా నౌక 67పి తోకచుక్కను చేరి దాని ఆకర్షణతో నేరుగా తూచినప్పుడు సాంద్రత ఘనపు మీటరుకు సుమారు 533 కిలోలు వచ్చింది. తోపు లెక్కలు అసలుకన్నా తక్కువ చూపాయి. ఈ పద్ధతి లోపం ఒప్పుకోవాలి. అయినా తోకచుక్క రాయిలా బరువైనది కాదు, గుల్లగా ఉంటుందన్న మాట నిలిచింది. రోసెట్టా మరో సంగతి కళ్లకు కట్టింది. ఆవిరి ముద్దను నెట్టడమే కాదు, దాని తిరుగుడునూ మారుస్తుంది. 67పి ఒక్క రాకలోనే తన చుట్టూ తాను తిరిగే కాలాన్ని దాదాపు 20 నిమిషాలు తగ్గించుకుంది. 2017లో 41పి అనే చిన్న తోకచుక్క మార్చిలో 20 గంటలకొకసారి తిరుగుతూ ఉండి మే నాటికి 46 గంటలు దాటింది. చిన్న ముద్దల విషయంలో ఈ మార్పు వేగం పెరిగి ముక్కలయ్యేదాకా వెళ్లవచ్చు. కాబట్టి తోకచుక్కల ఆయుష్షును నిర్ణయించే బలాల్లో దీన్నీ చేర్చాలి.

2017 అక్టోబరులో మరో సౌరకుటుంబం నుంచి వచ్చిన ఔమువామువా ఈ చరిత్రకు కొత్త పరీక్ష పెట్టింది. దానికి తోక లేదు, కనిపించే ఆవిరీ లేదు. అయినా సూర్యుడి నుంచి బయటికి తోసే చిన్న బలం స్పష్టంగా తేలింది. వెలుతురు ఒత్తిడితో నడిచే కృత్రిమ తెర కావచ్చని కొందరన్నారు. మంచులో చిక్కిన హైడ్రోజన్ విడుదలై ఉంటుందని 2023లో మరికొందరు చూపారు. ఒకే ఒక్కసారి కనిపించి వెళ్లిపోయిన వస్తువు గురించి తీర్పు చెప్పడం తొందరపాటు. ఎన్‌కేకు ఒక్క తోకచుక్కే ఉన్నట్టు మనకూ ఇక్కడ ఒక్కటే ఉంది. అలాంటివి మరికొన్ని దొరికి, అన్నీ ఒకే తీరున కదులుతాయో లేదో చూడాలి. హేలీ విషయంలో మాత్రం అనుమానం లేదు. 2023 డిసెంబరు 9న అది తన కక్ష్యలో సూర్యుడికి అత్యంత దూరపు కొస దాటి తిరుగుముఖం పట్టింది. ఆవిరి తోపును కూడా కలిపి కట్టిన లెక్క ప్రకారం 2061 జూలై 28న సూర్యుడికి అతి చేరువకు వస్తుంది.